వాక్యూమ్ పైపుకు స్క్రూ ఎందుకు పడింది?

పాత కార్ల బానెట్ ఎత్తితే తరచూ కనిపించేదే ఇది. స్పార్క్ ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ పక్కన చిన్న రేకు డబ్బీ (వాక్యూమ్ అడ్వాన్స్) ఉంటుంది, దానికి వచ్చే సన్నటి రబ్బరు పైపు ఊడదీసి కొసలో ఓ స్క్రూ దూర్చి ఉంటుంది. అడిగితే "అది లేకపోయినా బండి నడుస్తుందండీ" అంటారు. నడుస్తుంది, కాదనను. కాకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతూ నడుస్తుంది.

పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం సిలిండర్‌లో ఒక్కసారిగా పేలిపోదు, ప్లగ్గు దగ్గర అంటుకుని అంచుల దాకా పాకుతుంది. అందుకు కొంత టైమ్ కావాలి. నిమిషానికి 1000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో సెకనులో వెయ్యో వంతుకి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 6 డిగ్రీలు తిరుగుతుంది, 4000 చుట్లలో అదే టైమ్‌కి 24 డిగ్రీలు. పిస్టన్ పైకి చేరి కిందికి మళ్ళిన కాసేపటికి, దాదాపు 15 డిగ్రీల దగ్గర, ఒత్తిడి గరిష్ఠంగా ఉండాలంటే స్పార్క్ ముందే పడాలి. వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందుకు జరగాలి. అడ్వాన్స్ అంటే ఇదే.

మొదట్లో ఈ పని డ్రైవర్ చేత్తో చేసేవాడు. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టీలో స్టీరింగ్‌కు ఎడమవైపు స్పార్క్ లివర్, కుడివైపు థ్రాటిల్ లివర్ ఉండేవి. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసే ముందు స్పార్క్ లివర్‌ని పూర్తిగా పైకి, అంటే రిటార్డ్‌లో (స్పార్క్ ఆలస్యంగా పడేలా) పెట్టాలి. మర్చిపోయారో, పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకుని హ్యాండిల్ వెనక్కి కొట్టేది. మణికట్లు విరిగింది అందుకే. 1912 కాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ బృందం తెచ్చిన ఎలక్ట్రిక్ స్టార్టర్ ఆ భయం తీర్చింది.

తర్వాత లివర్ పని డిస్ట్రిబ్యూటర్ లోపలికి చేరింది. రెండు చిన్న బరువులు, వాటిని లాగిపట్టే రెండు స్ప్రింగులు, అంతే. షాఫ్ట్ వేగం పెరిగితే బరువులు బయటికి విచ్చుకుని, పాయింట్లని (స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్) తెరిచే క్యామ్‌ని ముందుకు తిప్పుతాయి. డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతోనే తిరుగుతుంది కాబట్టి ఇక్కడి 10 డిగ్రీలు అక్కడ 20. ఈ లెక్క మర్చిపోయి తల పట్టుకున్నవాళ్ళు ఎందరో!

బరువులకు వేగం తెలుస్తుంది కానీ లోడ్ తెలియదు. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి తాపీగా వెళ్తున్నప్పుడు సిలిండర్‌లోకి మిశ్రమం తక్కువ వెళ్తుంది, పలచగా ఉండి నెమ్మదిగా కాలుతుంది, కాబట్టి ఇంకాస్త ముందుగా స్పార్క్ కావాలి. 1930ల్లో వ్యాపించిన రేకు డబ్బీ అందుకే. మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు మిశ్రమం వెళ్ళే గొట్టం) వాక్యూమ్ డబ్బీ లోపలి డయాఫ్రమ్ అనే పొరని పీలిస్తే, పాయింట్లు బిగించిన ప్లేటు జరిగి స్పార్క్ ఇంకాస్త ముందుగా పడుతుంది. పూర్తిగా తొక్కగానే వాక్యూమ్ పడిపోతుంది, ఆ అదనపు అడ్వాన్స్ కూడా పోతుంది.

మరి దీనికి చెడ్డపేరు ఎలా వచ్చింది? రేసు ఇంజిన్లు ఎక్కువసేపు ఫుల్ థ్రాటిల్ మీదే ఉంటాయి, వాటికి దీంతో పెద్దగా పనిలేదు, వాటిని చూసి రోడ్డు కార్లవాళ్ళూ తీసేశారు. ఇంకో కారణం 1970ల నాటి అమెరికా పొగ నిబంధనలు. స్పార్క్ ఆలస్యం చేస్తే ఎగ్జాస్ట్ వేడెక్కి, కాలకుండా మిగిలిన పెట్రోలు కొంత అక్కడే కాలుతుంది. అందుకని కొన్ని కార్లలో కింది గేర్లలో వాక్యూమ్ అందకుండా వాల్వులు పెట్టారు. ఐడిల్‌లో వేడి, మైలేజీ నష్టం వచ్చేసరికి జనం ఆ గొట్టాల గందరగోళం మొత్తాన్నీ తిట్టుకున్నారు, డబ్బీతో సహా. నా దృష్టిలో డబ్బీ చేసిన తప్పేమీ లేదు.

నాకింగ్ (ఇంజిన్‌లో టకటక చప్పుడు) వస్తే కూడా ముందు దీని మీదే అనుమానం. కొన్నిసార్లు నిజమే కావచ్చు, కానీ తుప్పుపట్టి విచ్చుకున్నచోటే ఇరుక్కున్న బరువులూ, సాగిపోయిన స్ప్రింగులూ అదే చప్పుడు తెప్పిస్తాయి.

పరీక్ష సులువు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, డబ్బీకి శుభ్రమైన పైపు తగిలించి నోటితో గాలి పీల్చండి. ప్లేటు జరిగి, కొసని నాలుకతో మూసినంతసేపూ అక్కడే ఆగితే డబ్బీ బాగుంది. గాలి ధారగా వచ్చేస్తుంటే డయాఫ్రమ్ చిరిగింది. తర్వాత షాఫ్ట్ పైనున్న రోటర్‌ని అది తిరిగే దిశలో వేళ్ళతో తిప్పి వదలండి, స్ప్రింగులు టక్కున వెనక్కి లాగాలి.

ఇంకోటి, చాలా మాన్యువల్స్‌లో టైమింగ్ లైట్‌తో (స్పార్క్ ఎప్పుడు పడుతోందో చూపే లైటు) చూసేటప్పుడు ఈ పైపు ఊడదీసి కొస మూయమని ఉంటుంది. మీ బండిలోని స్క్రూ ఎప్పుడో ఎవరో అలా పెట్టి తీయడం మర్చిపోయిందే కావచ్చు.