లివర్‌లో చీముగడ్డ: ట్యూబ్ అంటే భయమెందుకు?

స్కాన్ రిపోర్టులో ‘లివర్ యాబ్సెస్’ అని చూసి, గడ్డ అంటే క్యాన్సరేనని హడలిపోయేవాళ్లు చాలామంది. ఇది చీముగడ్డ. వేళకు వైద్యం అందితే నయమవుతుంది.

అపోహ: చీము తీయడానికి ట్యూబ్ వేస్తే, అది కడుపంతా పాకుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. ఇది విని రోజులు వాయిదా వేస్తారు. ఈలోగా గడ్డ పగిలితే చీము నిజంగానే కడుపులోకో ఛాతీలోకో చేరుతుంది. ట్యూబ్ వేసేదే ఆ ముప్పు తప్పించడానికి. ముందు రక్తం గడ్డకట్టే తీరు తెలిపే ప్లేట్‌లెట్లు, ఐఎన్ఆర్ పరీక్షలు చూస్తాం, హైడాటిడ్ తిత్తి (పరాన్నజీవి వల్ల వచ్చే నీటితిత్తి) కాదని తేల్చుకుంటాం. చర్మానికి మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూది పంపి, తీగ మీదుగా పిగ్‌టెయిల్ (కొన చుట్ట తిరిగిన సన్నని ట్యూబ్) ఎక్కిస్తాం. కావాలనే కాస్త మంచి లివర్ గుండా వెళతాం, ట్యూబ్ చుట్టూ అది బిగుసుకుని చీము బయటకు కారనివ్వదు. తీసిన చీమును, అందులో ఏ క్రిమి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు పంపాల్సిందే.

చిక్కంతా తర్వాతే. చిక్కటి చీము ట్యూబ్‌ను మూసేస్తుంది, అందుకే 10 మి.లీ. సెలైన్‌తో కడుగుతుంటాం. ట్యూబ్‌కు తగిలించిన సంచిలోకి చీము రావడం ఒక్కసారిగా ఆగి, జ్వరం మళ్లీ వస్తే తగ్గిందని సంబరపడకండి. ట్యూబ్ మూసుకుపోయిందో, మడత పడిందో, జారిందో చూడాలి. రోజుకు 10 మి.లీ. లోపు వస్తూ, జ్వరం పోయి, స్కాన్‌లో గడ్డ తగ్గాకే తీస్తాం.

అందరికీ ట్యూబ్ అక్కర్లేదు. అమీబా అనే పరాన్నజీవి వల్ల వచ్చే గడ్డలు చాలావరకు మెట్రోనిడజోల్ మందుకే కరుగుతాయి. 3-5 రోజులైనా జ్వరం దిగకపోయినా, ఎడమ భాగంలో పెద్దగా ఉన్నా, గోడ పలచబడినా చీము తీయాలి. బ్యాక్టీరియా గడ్డ 5 సెం.మీ. దాటితే సాధారణంగా ట్యూబే.

అపోహ: జ్వరం తగ్గింది, ఇక మందులు ఆపేయొచ్చు.

ఆపకూడదు. బ్యాక్టీరియా గడ్డకు మామూలుగా 4-6 వారాల యాంటీబయాటిక్స్ కావాలి. అమీబా గడ్డకు మెట్రోనిడజోల్ 7-10 రోజులు, ఆ తర్వాత పేగులో మిగిలిన అమీబాను చంపడానికి డైలోక్సనైడ్ 500 మి.గ్రా. రోజుకు మూడుసార్లు 10 రోజులు. ఈ రెండో మందు వదిలేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

కామెర్లు లేవు కాబట్టి లివర్ బాగుందనుకోవడం, మలపరీక్షలో అమీబా కనపడలేదు కాబట్టి అమీబా గడ్డ కాదనుకోవడం, రెండూ తప్పే.

ఇంకొకటి. నయమయ్యాక కూడా స్కాన్‌లో గడ్డ ఉన్నచోటి ఖాళీ నెలల తరబడి కనిపించవచ్చు. జ్వరం, నొప్పి లేకుండా ఆకలి బాగుంటే, ఒక్క ఆ నీడను చూసి మళ్లీ మందులు మొదలుపెట్టనక్కర్లేదు.