రోడ్డు పడింది, కాలువ వచ్చింది, సీమ ఎందుకు మారలేదు? అపోహలు - వాస్తవాలు

నేను సివిల్ ఇంజనీర్ని. పాతికేళ్లకు పైగా అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లోనే పనిచేశాను. మొదట్లో రోడ్లు, తర్వాత ఎక్కువగా కాలువలు. అనంతపురం క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతున్నా, పెళ్లి భోజనంలో పంక్తిలో కూర్చున్నా ఎవరో ఒకరు అడుగుతారు: "ఏం సార్, ఇన్ని కోట్లు పెడుతున్నారు, మన సీమ ఇట్లే ఉందెందుకు?" అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ వెంటనే వచ్చే మాటల్లో నిజమూ పొరపాటూ కలిసిపోయి ఉంటాయి. వాటిలో నేను తరచూ వినేవి కొన్ని తీసుకుని, పనిలో చూసింది చూసినట్టు చెబుతాను.

అపోహ: రోడ్డు గుంతలు పడిందంటే కాంట్రాక్టరు తినేసినట్టే.

తినేవాళ్లు లేరని నేను అనను. తారు తగ్గించిన పనులు చూశాను, బిల్లు ఆపి మాటలు పడ్డ రోజులూ ఉన్నాయి. అయినా నా కళ్లముందు పాడైన రోడ్లలో ఎక్కువ భాగం పాడైంది రెండు కారణాల వల్ల: నీళ్లు, బరువు.

ఈసారి వాన వెలిసిన మర్నాడు ఒక గుంత పక్కన కూర్చుని చూడండి. అంచు పట్టుకుంటే తారు పొర పెచ్చులా లేచి చేతికొస్తుంది. దాని కింద కంకర మట్టితో కలిసి బురదగా ఉంటుంది. పక్కనుంచి లారీ పోయినప్పుడు పగుళ్లలోంచి బూడిదరంగు నీళ్లు చిమ్ముతాయి. ఆ రంగు రోడ్డు పునాదిలో ఉన్న సన్న పొడిది. లారీ పోయిన ప్రతిసారీ రోడ్డు కింది పొర కొంచెం కొంచెం ఖాళీ అవుతుంది. కొన్నాళ్లకు పైపొర కింద పట్టు లేక కూలుతుంది. అప్పుడు మనకు గుంత కనబడుతుంది. అది మొదలైంది మాత్రం ఎన్నో నెలల ముందు.

ఆ నీళ్లు ఎందుకు నిలిచాయి? రోడ్డు మధ్యలో కాస్త ఎత్తుగా, పక్కలకు వాలుగా వేస్తాం. పక్కన మట్టి మార్జిన్ రోడ్డు కంటే తగ్గులో ఉండాలి. ఏళ్లు గడిచేకొద్దీ మార్జిన్ మీద మట్టి చేరి, గడ్డి పట్టి, రోడ్డు కంటే ఎత్తవుతుంది. ఇక వాన నీళ్లకు దారి ఉండదు. ఊళ్లలోకొస్తే ఇంటి ముందు ర్యాంపు కోసం పక్క కాలువను మనమే పూడ్చేస్తాం. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి అయితే ఇంకా కష్టం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కాలు దిగేంత పగుళ్లిస్తుంది. దాని మీద పడ్డ రోడ్డు ఏడాదికోసారి పైకీ కిందకీ ఊగుతుంది.

ఇక బరువు. తాడిపత్రి నుంచి బండలు, గ్రానైటు, బేతంచెర్ల నుంచి నాపరాళ్లు, ఎర్రగుంట్ల నుంచి సిమెంటు. ఈ లారీలు సీమకు అన్నం పెడుతున్నాయి, రోడ్లను తినేస్తున్నాయి కూడా. 1950ల చివర్లో అమెరికాలోని ఇల్లినాయిలో నిజమైన రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి పరీక్షించారు. అందులో తేలిన లెక్కను ప్రపంచమంతా ఇంజనీర్లు ఇప్పటికీ వాడుతున్నాం: ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం సుమారు 16 రెట్లు. ఒకటిన్నర రెట్లు వేస్తే 5 రెట్లు. మన దేశంలో 2018లో నాలుగు టైర్ల ఇరుసుకు అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పెరిగింది 13 శాతమే కదా అనిపిస్తుంది. ఇదే లెక్కన రోడ్డు మీద పడే నష్టం 60 శాతం ఎక్కువ. అప్పటికే వేసి ఉన్న రోడ్ల మందం మాత్రం అంతే ఉంది. ఓవర్‌లోడు ఇంకా దీని పైన.

ఒక సంగతి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లె రోడ్డు అంచనాలో నాలుగు మోరీలు, అంటే రోడ్డు కింద నీళ్లు దాటిపోయే తూములు, రాశాను. రెండే మంజూరయ్యాయి. మిగిలిన రెండు చోట్లా వాన పడినప్పుడే నీళ్లు పారతాయి, డబ్బు చాలదు, తర్వాత చూద్దామన్నారు. మూడో ఏడు వానాకాలంలో సరిగ్గా ఆ రెండు చోట్లలో ఒకచోట రోడ్డు తెగింది. అవతలి ఊళ్లో నొప్పులు పడుతున్న ఒకమ్మాయిని నులక మంచం మీద వంక దాటించి ఇవతల ఆటో ఎక్కించారు. తల్లీబిడ్డా బాగున్నారు. తెగిన చోటును పూడ్చడానికి ఆ మోరీకి అయ్యేదానికంటే మూడింతలు పెట్టాం. దొంగతనం జరగలేదు, తారు తగ్గలేదు. రెండు పైపులు తగ్గాయి, అంతే.

అపోహ: కాలువ వచ్చిందంటే పొలానికి నీళ్లొచ్చినట్టే.

హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం నీళ్లు 2012లో అనంతపురం జిల్లా జీడిపల్లి జలాశయానికి చేరినప్పుడు నేనూ గట్టు మీద ఉన్నాను. ముసలివాళ్లు దోసిట్లో నీళ్లు తీసుకుని తల మీద చల్లుకున్నారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే దిక్కయిన జిల్లా మాది. కృష్ణా నీళ్లు ఇక్కడికి రావడం ఎంత పెద్ద విషయమో మాటల్లో చెప్పలేను.

కానీ ఆ పథకం మొత్తం 6 లక్షల ఎకరాలకు పైగా తడపాలని రూపొందించింది. ప్రధాన కాలువ తవ్వడం అందులో మొదటి సగమే. దాని నుంచి డిస్ట్రిబ్యూటరీ, దాని నుంచి మైనరు, మైనరు నుంచి పిల్లకాలువ. ఈ పిల్లకాలువే ఎక్కడైనా ఆలస్యమయ్యేది. ప్రధాన కాలువ పని పెద్దది, బిల్లు పెద్దది, కాంట్రాక్టర్లు పోటీపడతారు. పిల్లకాలువ దగ్గరికొచ్చేసరికి ఒక్కో రైతు దగ్గర ఐదు సెంట్లు, పది సెంట్లు భూమి తీసుకోవాలి. అన్నదమ్ముల మధ్య పంపకం తెగి ఉండదు, పాస్‌బుక్కులో పేరు ఒకరిది, సాగు ఇంకొకరిది. ఒక్క సంతకం కోసం ఆర్నెల్లు తిరిగిన మైనర్లు నాకు తెలుసు. ఈలోగా కాలువ గట్టున ఉన్న రైతు మోటరు పెట్టి, పైపు వేసి నీళ్లు తోడుకుంటాడు. అతన్ని తప్పు పట్టలేను. కళ్లముందు నీళ్లు పోతుంటే చెట్లు ఎండబెట్టుకునేవాడెవరు? దాంతో కిందివాడికి అందేది తగ్గుతుంది.

ఇంకోటి చాలామందికి తెలియదు. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు వాలుకు పారి వస్తాయి. హంద్రీ-నీవా నీళ్లను శ్రీశైలం వెనుక జలాల్లోంచి మల్యాల దగ్గర పంపులతో ఎత్తి, మెట్టు తర్వాత మెట్టు ఎక్కించి తీసుకొస్తారు. అంటే ప్రతి తడికీ కరెంటు ఖర్చు ఉంది. వరద వచ్చే కొన్ని నెలల్లోనే ఎత్తుకోవాలి, ఆ నెలల్లో పంపులన్నీ ఆడాలి. ఒక పంపు మరమ్మతుకు విడిభాగం రాక నెల ఆగితే, ఆ నెల నీళ్లు మళ్లీ రావు.

అపోహ: ముందు కట్టేస్తే చాలు, అభివృద్ధి దానంతటదే వస్తుంది.

దీనికి మన దగ్గరే 150 ఏళ్ల నాటి జవాబుంది. కేసీ (కర్నూలు-కడప) కాలువ. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట వేసి, కర్నూలు నుంచి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్ల కాలువ తవ్వింది. సాగుకు నీళ్లూ అమ్మాలి, పడవలూ నడపాలి, రెండు రకాలుగా రాబడి వస్తుందని ఆశ. పడవల రాబడి నిలబడలేదు. నల్లరేగడిలో వాన మీద జొన్న, పత్తి పండించుకునే రైతులు డబ్బు కట్టి నీళ్లు తీసుకోవడానికి ముందుకు రాలేదు. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి, 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనేసింది.

అదే కాలువ కింద ఇప్పుడు కర్నూలు సోనా వరి పండుతోంది. నీళ్లు కొన్నాళ్లు ఆలస్యమైతే నంద్యాల రైతులు రోడ్డెక్కుతారు. అంటే కాలువ తప్పు కాదు. దానికి తోడుగా ఉండాల్సిన పంట, అప్పు, మార్కెట్టు, పొలాన్ని చదును చేసుకునే స్తోమత తరాలు గడిస్తే గానీ రాలేదు.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ రావడాన్ని కూడా నేను ఇలాగే చూస్తాను. హైవే అంతకు ముందే ఉంది. బెంగళూరు ఎప్పుడూ అక్కడే ఉంది. భూమీ ఉంది. 2017లో ఒప్పందం, 2019లో ఉత్పత్తి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. అంత త్వరగా జరిగిందంటే కారణం రోడ్డు, కరెంటు, భూమితో పాటు గొల్లపల్లి జలాశయానికి హంద్రీ-నీవా నీళ్లు చేరడం. నాలుగింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా మూడూ ఊరికే ఉండేవి. అప్పటిదాకా ఉన్నాయి కూడా.

ఇదే వరుసలో రెండు మాటలు. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం 2021లో మొదలైంది, మంచిదే. కానీ విమానం ఎక్కే పని ఉన్న పరిశ్రమలు చుట్టూ వస్తేనే సర్వీసులు పెరుగుతాయి. అలాగే గని, శకునాల దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు దేశానికి కరెంటిస్తుంది. ఊళ్లో పిల్లలకు మాత్రం, కట్టే రోజుల్లో తప్ప, కాపలా పనీ పలకలు కడిగే పనీ మించి పెద్దగా దొరకవు. పెద్ద ప్రాజెక్టు, పెద్ద ఉపాధి ఒకటేనని అనుకోవద్దు. కడప ఉక్కు ఫ్యాక్టరీకి 2007, 2018, 2019, 2023లలో శంకుస్థాపనలు జరిగాయి. ఆ ఆశతో కోచింగులకు డబ్బు కట్టి, వయసు దాటిపోయిన ఐటీఐ పిల్లలు నాకు తెలుసు. శిలాఫలకం చూసి ఏ పిల్లాడికీ సలహా ఇవ్వకండి.

అపోహ: మెయింటెనెన్స్‌కు పెట్టేది దండగ ఖర్చు, ఆ డబ్బుతో కొత్తది కట్టొచ్చు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 33 గేట్లకు గాను 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. జలాశయం నిండుకుండలా ఉన్న రోజులు. ఆ వారం అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో కాలువ కింద ఉన్న ఏ రైతూ కంటినిండా నిద్రపోయి ఉండడు. ఎంతో దాచుకున్న నీటిని కొంత కిందికి వదిలి, పారుతున్న ప్రవాహంలోనే స్టాప్‌లాగ్ (గేటు బదులు తాత్కాలికంగా అడ్డుపెట్టే ఇనుప పలకలు) దించి వారంలోపు ఆపగలిగారు. దించినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ డ్యాం 1953 నాటిది. 70 ఏళ్లు నీళ్లలో, ఎండలో ఉన్న ఇనుము.

అంతకు ముందు, 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. వరద ఊహించనంత వచ్చింది, నిజమే. అయితే ఉన్న ఐదు గేట్లలో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు. పులపుత్తూరు, మందపల్లి ఊళ్లలో ఇసుక మేటల కింద ఇళ్లు చూసినప్పటి నుంచీ గ్రీజు పెట్టడం, తాడు మార్చడం చిన్న పనులని నా నోటితో అనలేదు.

ఒకప్పుడు రోడ్లకు గ్యాంగ్ కూలీలుండేవాళ్లు. ఎవరి మైళ్లు వాళ్లవి. పార, గంప పట్టుకుని మార్జిన్ చెక్కేవాళ్లు, మోరీ నోట్లో చెత్త తీసేవాళ్లు, అరచేతి వెడల్పు గుంతను అప్పుడే పూడ్చేవాళ్లు. కాలువకు లష్కర్లుండేవాళ్లు, ఏ తూము దగ్గర నీళ్లు కారుతున్నాయో వాళ్లకు నడకలోనే తెలిసేది. వాళ్లు రిటైరైన చోట కొత్తవాళ్లు సరిగా రాలేదు. కొత్త రోడ్డుకు రిబ్బను కత్తిరించవచ్చు, తీసేసిన చెత్తకు ఎవరూ ఫొటో తీయరు. అందుకే బడ్జెట్లో మొదట కోత పడేది ఇక్కడే.

అపోహ: ఈ సదుపాయాలన్నీ కంపెనీలకు. రైతుకు కావాల్సింది ధర ఒక్కటే.

2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై ఓడరేవుకు 43 శీతల కంటైనర్లలో అరటి రైలెక్కింది, అక్కడి నుంచి విదేశాలకు. ఎగుమతికి పోయే అరటిని 13, 14 డిగ్రీల దగ్గర ఉంచాలి. అంతకంటే వేడెక్కితే దారిలోనే పండుతుంది, మరీ చల్లబడితే తొక్క నల్లబారుతుంది. గెల కోసిన దగ్గర నుంచి ఓడ ఎక్కేదాకా ఆ చల్లదనం తెగకూడదు. తోట నుంచి ప్యాకింగ్ షెడ్డుకు గతుకుల దారిలో ట్రాక్టరు ఊగితే కాయ మీద పడ్డ నొక్కు రెండు రోజుల తర్వాత నల్లటి మచ్చ అవుతుంది. ఆ మచ్చతో పెట్టె రెండో రకంలోకి పోతుంది. షెడ్డులో కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే అంతే సంగతులు. రైతు చేతికి వచ్చే ధరలో ఆ రోడ్డూ ఆ కరెంటూ ఉన్నాయి, విడిగా కనబడవంతే.

పత్తికొండ టమాటా దీనికి ఎదురు ఉదాహరణ. ధర పడిపోయిన రోజున గంపలు రోడ్డు మీద కుమ్మరించి పోతారు. నాలుగు రోజులు నిలవ పెట్టే చోటు గానీ, గుజ్జు తీసే యూనిట్లు గానీ చాలినన్ని చుట్టుపక్కల ఉంటే ఆ రోజు అమ్మకుండా ఆగే ధైర్యం రైతుకు ఉండేది. బేరం ఆడే శక్తి ఆ ధైర్యంలోంచే వస్తుంది.

చివరగా, చదివేవాళ్లలో పల్లెల్లో ఉన్నవాళ్లకు ఒక పని చెబుతాను. మీ ఊరి రోడ్డు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద పడి ఉంటే, రోడ్డు మొదట్లో ఒక బోర్డుంటుంది. పని పూర్తయిన తేదీ చూడండి. అప్పటి నుంచి ఐదేళ్లు ఆ రోడ్డు బాగోగులు వేసిన కాంట్రాక్టరు బాధ్యతే, ఒప్పందంలోనే ఉంటుంది. మేరీ సడక్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టొచ్చు. గుంత పడ్డాక పెట్టేకంటే మే నెలలోనే, తొలకరి పడకముందే, మోరీ నోట్లో పూడిక ఫొటో తీసి పెట్టండి. అప్పటికి నలుగురు మనుషులు ఒక పూట పారలు పట్టుకుంటే అయిపోయే పని అది.