ప్యాకెట్ ఎక్కడ ఆగిందో ముందు చూడండి

హైదరాబాదు

చిరంజీవులకు ఆశీస్సులు.

మల్కాజిగిరి ఇంట్లో మీరు పెట్టిన వెబ్ సర్వరు లోపల బాగానే తెరుచుకుంటోందనీ, బయటివాళ్లకు మాత్రం అందడం లేదనీ రాశారు. ఫైర్‌వాల్ (ఇంటి నెట్‌వర్కుకూ ఇంటర్నెట్‌కూ మధ్య కాపలా కాసేది) రూల్సు మార్చడం ఆపి, ప్యాకెట్ (నెట్‌వర్కులో ప్రయాణించే డేటా ముక్క) ఎందాకా వచ్చి ఆగుతోందో ముందు కనిపెట్టండి.

నెట్‌వర్కులో యంత్రాలను గుర్తించే ఐపీవీ4 చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లే. అందుకని 10తోనూ, 192.168తోనూ మొదలయ్యేవాటిని ఎవరి ఇంట్లో వారు వాడుకోవచ్చని 1996 నాటి ఇంటర్నెట్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1918 విడిచిపెట్టింది. అవి ఇంటర్నెట్‌లో చెల్లవు కాబట్టి, ఫైర్‌వాల్ బయటికి వెళ్లే ప్యాకెట్ మీద తన పబ్లిక్ చిరునామా వేసి, ఆ సంభాషణకు వాడిన పోర్టు (చిరునామాకు తోడుగా ఉండే సంఖ్య) ఎవరిదో పట్టికలో రాసుకుని, బదులు వచ్చినప్పుడు దాన్ని చూసి లోపలికి పంపుతుంది. ఈ చిరునామా మార్పిడినే న్యాట్ అంటారు. బయటివారు మొదలుపెట్టిన సంభాషణకు ఆ పట్టికలో ఏమీ ఉండదు. ఫలానా పోర్టుకు వచ్చినవాటిని ఫలానా యంత్రానికి పంపమని ముందే చెప్పే పోర్ట్ ఫార్వర్డింగ్ అవసరమయ్యేది అందుకే.

ఫైర్‌వాల్ వ్యాన్ (బయటి వైపు) చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే, మీ ప్రొవైడర్ దగ్గరే మరో న్యాట్ ఉందన్నమాట. అప్పుడు పబ్లిక్ ఐపీ అడగవలసిందే. ఆ చిక్కు లేకపోతే, వైఫై ఆపేసి మొబైల్ డేటాతో పరీక్షించండి.

అలా పరీక్షిస్తూ, ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌తో వ్యాన్ వైపూ ల్యాన్ (లోపలి) వైపూ, సురక్షిత వెబ్ వాడే 443 పోర్టును ఒకేసారి గమనించండి. వ్యాన్‌లో సిన్ ప్యాకెట్ (కనెక్షన్ మొదలుపెట్టేది) కనబడి ల్యాన్‌లో కనబడకపోతే లోపం ఫైర్‌వాల్‌లోనే ఉంది. లినక్స్ ఫైర్‌వాల్‌లో చిరునామా మారాకే, ప్యాకెట్‌ను పోనివ్వాలో ఆపాలో చెప్పే ఫిల్టర్ రూలు చూస్తారు గనుక, ఆ రూలులో పబ్లిక్ చిరునామా కాక సర్వరు లోపలి చిరునామా ఉండాలి. పాలో ఆల్టో కంపెనీ ఫైర్‌వాల్‌లో ఇందుకు భిన్నంగా మారకముందటి చిరునామానే రాయాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ల్యాన్‌లో సిన్ కనబడినా సర్వరు బదులివ్వకపోతే, దాని డిఫాల్ట్ గేట్‌వే (బయటికి పంపే దారి) మీ ఫైర్‌వాలేనా, సర్వరులో మరో ఫైర్‌వాల్ అడ్డుపడుతోందా చూడండి.

లినక్స్ న్యాట్ రూల్సును ప్రతి కనెక్షన్ మొదటి ప్యాకెట్‌కే వర్తింపజేస్తుంది. ఐపీ ఫోను లాంటివి ఆగకుండా ప్యాకెట్లు పంపుతుంటే, రూలు మార్చినా పట్టికలోని పాత నమోదే నడుస్తూ ఉంటుంది. దాన్ని తుడిచేశాకే మీ మార్పు ఫలితం తెలుస్తుంది.

విసిగిపోయి అన్నిటినీ అనుమతించే రూలు ఒకటి పెట్టామని రాశారు. ఈ ఉత్తరం అందగానే దాన్ని తీసేసి, రెండు వైపులా పట్టిన ఫైళ్లు నాకు పంపండి.

మీ పెదనాన్న