డిక్కీ మీద ‘ఎం’ సరే, చక్రం వెనుక ఏముంది?

ఆ మధ్య మా బావగారు ఒక ఫొటో పంపారు. అమ్మకానికి వచ్చిన పాత బీఎండబ్ల్యూ 3 సిరీస్ కారు. నల్ల రంగు, డిక్కీ మీద మెరిసే ‘ఎం3’ అక్షరాలు, అంటే 3 సిరీస్‌లో అన్నింటికన్నా బలమైన కారు పేరు. ‘‘మంచి ధరకే ఇస్తానంటున్నాడు, తీసుకోమంటారా?’’ అని అడిగారు. ఫొటోను పెద్దది చేసి చూశాను. వెనుక బంపర్ కింద పొగగొట్టాలు రెండే ఉన్నాయి, రెండూ ఎడమ పక్కనే. ఆ తరం ఎం3కి నాలుగు ఉంటాయి. చక్రాల పైన రేకు ఉబ్బుగా కూడా లేదు. ‘‘బావగారూ, ఇది మామూలు 320డీ. ఆ అక్షరాలు బజారులో కొని అతికించినవి’’ అని చెప్పాను.

అతికించిన అక్షరాలను పట్టుకోవడం తేలికే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అక్షరాలతోనే అసలు చిక్కంతా. ఈరోజు 3 సిరీస్‌లో ‘ఎం’ అనే అక్షరం మూడు అంతస్తుల్లో కనిపిస్తుంది. 330ఐ ఎం స్పోర్ట్ ఒకటి, ఎం340ఐ ఒకటి, ఎం3 ఒకటి. దూరం నుంచి చూస్తే మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. కింద పడుకుని చూస్తే ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే వీల్లేదు. ఈ అక్షరం ఇన్ని చోట్లకు ఎలా పాకిందో తెలిస్తే, డబ్బు దేనికి పెడుతున్నామో స్పష్టంగా తెలుస్తుంది. అందుకే ఈ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి.

1972లో మ్యూనిక్‌లో బీఎండబ్ల్యూ తన పందేల కోసం ‘మోటార్‌స్పోర్ట్’ అనే ప్రత్యేక సంస్థను పెట్టింది. దాని మొదటి సారథి యోఖెన్ నీర్‌పాష్. పందెం కార్లు తయారుచేయడం, నడిపించడం, గెలవడం దాని పని. అమ్మకాలతో సంబంధం లేదు. 1978లో వచ్చిన ఎం1 ఆ సంస్థ సొంత కారు. మధ్యలో ఇంజిన్, ఇద్దరికే చోటు, మొత్తం తయారైనవి దాదాపు 450. ఆ తర్వాత ఒకటి రెండేళ్లకే ‘ఎం’ అక్షరం సెడాన్ మీదికి ఎక్కింది. ఎం535ఐ అనే ఆ కారులో 218 హార్స్‌పవర్ ఇంజిన్ ఉండేది. ఆ తరం 5 సిరీస్‌లో మరే వేరియంట్‌కూ ఆ ఇంజిన్ దొరికేది కాదు. ఇక్కడి వరకూ అక్షరానికీ ఇనుముకూ మధ్య తేడా ఏమీ లేదు.

తేడా మొదలైంది 1980ల నడుమ, తర్వాతి తరం 5 సిరీస్‌తో. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రకు గుండెకాయ ఆ రెండేళ్లే.

అప్పుడు షోరూముల్లో ఒకే శరీరంతో రెండు కార్లు ఉండేవి. ఒకటి కొత్త ఎం535ఐ. ముందు లోతైన బంపర్, పక్కల పలకలు, వెనుక స్పాయిలర్, గట్టి సస్పెన్షన్, స్పోర్ట్ సీట్లు. బానెట్ ఎత్తితే మాత్రం మామూలు 535ఐలో ఉన్న ఇంజినే, అదే 218 హార్స్‌పవర్, సిలిండర్‌కు రెండే వాల్వులు (గాలిని లోపలికీ పొగను బయటికీ వదిలే కవాటాలు). రెండోది 1985లో వచ్చిన మొదటి ఎం5. దాని మీద ఏ అలంకారమూ లేదు. పక్కింటి గుమాస్తా నడిపే 518ఐకీ దీనికీ తేడా చెప్పాలంటే పరీక్షగా చూడాల్సిందే. బానెట్ కింద మాత్రం ఎం1 ఇంజిన్‌ నుంచి పుట్టిన 3.5 లీటర్ల ఆరు సిలిండర్లు, 24 వాల్వులు, సిలిండర్‌కొక థ్రాటిల్ (లోపలికి వెళ్లే గాలిని అదుపు చేసే మూత), 286 హార్స్‌పవర్. గంటకు 245 కిలోమీటర్లు అందుకునే సెడాన్ అది. మోటార్‌స్పోర్ట్ పనివాళ్లు చేతులతో కూర్చిన ఆ కార్లు మొత్తం రెండు వేల పైచిలుకు. ఎం535ఐ మాత్రం అంతకు కొన్ని రెట్లు అమ్ముడైంది.

అంటే ఇంజిన్ ఉన్న కారుకు వేషం లేదు, వేషం ఉన్న కారుకు ఆ ఇంజిన్ లేదు. ఈ రెండింటిలో దేనికి గిరాకీ ఎక్కువో కంపెనీకి ఆనాడే అర్థమైంది. తర్వాత నలభై ఏళ్లుగా చూస్తున్న ‘ఎం స్పోర్ట్’ ప్యాకేజీలకు బీజం అక్కడే పడింది. ఎం535ఐని నేను తప్పు పట్టను. సస్పెన్షన్ నిజంగా మారింది, సీట్లు నిజంగా మంచివి. కాకపోతే ఆ అక్షరం అంతవరకూ ఇచ్చిన మాట ఒకటి, ఆ రోజు నుంచి ఇచ్చిన మాట ఇంకొకటి.

సరిగ్గా అదే కాలంలో 3 సిరీస్‌లో దీనికి పూర్తిగా ఎదురుదిక్కు పని జరిగింది. అమ్మకపు కార్ల ఆధారంగా తయారైన కార్లు పోటీపడే గ్రూప్ ‘ఏ’ పందెంలో దిగాలంటే పన్నెండు నెలల్లో 5,000 కార్లు తయారుచేసి తీరాలన్నది నిబంధన. ఆ నిబంధన కోసమే పుట్టింది మొదటి ఎం3. బీఎండబ్ల్యూ ఇంజిన్ల నిపుణుడు పాల్ రోషే ఆరు సిలిండర్ల ఎం5 ఇంజిన్ తల భాగం నుంచి రెండు సిలిండర్లు కోసేసి నమూనా ఇంజిన్ సిద్ధం చేయించారు. 2.3 లీటర్లు, నాలుగు సిలిండర్లు, 200 హార్స్‌పవర్. అప్పటి 325ఐలో ఆరు సిలిండర్లుండి కూడా 171 హార్స్‌పవరే. రెండు తలుపుల ఆ ఎం3లో చక్రాల మీది రేకులు పెట్టెల్లా వెడల్పయ్యాయి. వెనుక అద్దం వాలు మారింది. డిక్కీ మూత ఎత్తు పెరిగింది. చక్రానికి నాలుగు బోల్టులకు బదులు ఐదు వచ్చాయి. ఆ చివరి మార్పు బయటివారికి చిన్నదిగా కనిపిస్తుంది. నాకైతే అదే అన్నింటికన్నా పెద్దది. హబ్బు, బేరింగు, బ్రేకు అన్నీ పై తరగతి కారు నుంచి తెచ్చారని ఆ ఐదో బోల్టు చెబుతుంది. 1987లో రొబెర్టో రవాలియా ఈ కారుతోనే ప్రపంచ టూరింగ్ కార్ చాంపియన్ అయ్యారు.

1990లలో ఇంకో మలుపు. ఈసారి అక్షరం ఒకటే, ఇనుము రెండు రకాలు. 1992లో యూరప్‌లో వచ్చిన రెండో తరం ఎం3కి 286 హార్స్‌పవర్. 1994లో అమెరికా చేరిన ఎం3కి 240. తేడా ఏదో కంప్యూటర్ సర్దుబాటు కాదు, ఇంజినే వేరు. యూరప్ కారులో సిలిండర్‌కొక థ్రాటిల్ ఉంటే, అమెరికా కారులో అన్నింటికీ కలిపి ఒక్కటే. ఖరీదైన ఇంజిన్ పెడితే అక్కడ ఆ ధరకు కొనేవారు ఉండరన్న లెక్కతో చేసిన పని అది. 1990ల చివరికి యూరప్ కారు 321 హార్స్‌పవర్‌కు, ఆరు గేర్లకు ఎదిగింది. అమెరికా కారు 240 దగ్గర, ఐదు గేర్ల దగ్గరే ఆగింది. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఆ తరం కారు మీద మోజు పడేవారు యూరప్ లెక్కలు చదివి అక్కడి కారు కొనకూడదు.

ఆ తర్వాతి తరం ఎం3కి సెడాన్ రూపమే లేకపోయింది. నాలుగు తలుపులు కావాల్సినవారికి అమెరికాలో 330ఐ మీద ఒక పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఇచ్చారు. అభిమానులు దాన్ని ఆర్డరు కోడ్‌తోనే ‘జడ్‌హెచ్‌పీ’ అంటారు. మార్చిన క్యామ్‌షాఫ్టులతో (వాల్వులను తెరిచే ఇరుసులు) 225 హార్స్‌పవర్ 235కి పెరిగింది. చివరి గేరు నిష్పత్తి మారింది, సస్పెన్షన్ మారింది. అంకెల్లో చూస్తే పది హార్స్‌పవరే. కానీ ప్యాకేజీ అనేది ఇంజిన్ లోపలికి చేయి పెట్టిన అరుదైన సందర్భం అది. ఇప్పటికీ ఆ కార్లను వెతికి కొనేవారున్నారంటే కారణం అదే.

2006లో వచ్చిన 335ఐ గీతలను చెరిపేసింది. రెండు టర్బోలతో (పొగ వేగంతో తిరిగి ఇంజిన్‌లోకి అదనపు గాలి తోసే పంకాలు) 306 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. మరుసటి ఏడాది వచ్చిన ఎం3లో నాలుగు లీటర్ల వీ8 ఇంజిన్, 420 హార్స్‌పవర్. టార్క్ ఎంత? అదీ 400 న్యూటన్ మీటర్లే. ఊళ్లో రోజూ నడిపే వేగాల్లో 335ఐ ఎం3కి ఏమాత్రం తీసిపోయేది కాదు. ఎందుకంటే ఆ టార్క్ తక్కువ తిప్పుడులోనే అందేది. ఎం3 తన సత్తా చూపాలంటే నిమిషానికి 8 వేల చుట్లు దాటాలి.

అసలు తేడా వెనుక ఇరుసులో ఉండేది. ఎం3లో డిఫరెన్షియల్‌కు (మలుపుల్లో రెండు వెనుక చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె) లాక్ ఉంది, 335ఐలో లేదు. మలుపులో లోపలి చక్రం తేలికై జారినప్పుడు, లాక్ లేని డిఫరెన్షియల్ శక్తినంతా ఆ జారే చక్రానికే ధారపోస్తుంది. కంప్యూటర్ అప్పుడు బ్రేకు నొక్కి సర్దుతుంది. అంటే ఇంజిన్ ఇచ్చినదాన్ని బ్రేకు వేడిగా మార్చి పారేస్తుంది. లాక్ ఉంటే ఆ శక్తి పట్టున్న బయటి చక్రానికి చేరి కారును మలుపులోంచి బయటకు నెడుతుంది. వేరియంట్ల పోలికలో అందరూ హార్స్‌పవర్ దగ్గర ఆగిపోతారు. నేను మొదట అడిగేది డిఫరెన్షియల్ గురించే.

ఈ ఖాళీని కంపెనీ 2012లో అధికారికంగా నింపింది. మామూలు కారుకూ పూర్తి ఎం కారుకూ మధ్య ‘ఎం పర్ఫార్మెన్స్’ అనే వరుస తెచ్చింది. మొదటి జట్టులో డీజిల్ కార్లు కూడా ఉన్నాయి. ఒకనాడు పందేల కోసమే ఉన్న అక్షరం మూడు టర్బోల డీజిల్ ఎం550డీ మీదికి చేరింది. 2023లో ఎం పేరున్న కార్ల అమ్మకాలు ప్రపంచమంతా కలిపి 2 లక్షలు దాటాయి. ఎం1 రోజులతో పోల్చి చూసుకోండి.

ఇక నేటి తరానికి వద్దాం. 2021 మార్చిలో ఎం340ఐ మన దేశంలోకి వచ్చింది. చెంగల్పట్టు దగ్గరున్న చెన్నై ప్లాంటులోనే దాన్ని కూర్చారు. అప్పటి షోరూమ్ ధర 62.90 లక్షలు. అప్పుడు దానికి 387 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్లు, నాలుగు చక్రాలకూ శక్తి, 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 4.4 సెకన్లు. దాని కింది మెట్టు అప్పటి 330ఐ ఎం స్పోర్ట్. పేరులో 30 ఉన్నా ఇంజిన్ రెండు లీటర్లే, సిలిండర్లు నాలుగు, 258 హార్స్‌పవర్, 5.8 సెకన్లు. ఒకప్పుడు ఆ అంకె చూసి ఇంజిన్ పరిమాణం చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు అది బలానికి ఒక స్థూలమైన గుర్తు మాత్రమే.

ఒక సర్వీస్ షెడ్డులో ఎం340ఐ లిఫ్టు మీద ఉండగా దగ్గర నుంచి చూసే అవకాశం దొరికింది. ముందు చక్రం విప్పి పక్కన పెట్టారు. నీలిరంగు కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను పిస్టన్లతో డిస్కుకు నొక్కే భాగం) మీద చిన్న ‘ఎం’ గుర్తు. దాన్ని పైనుంచి టార్చి వేసి చూస్తే డిస్కుకు ఇటు రెండు, అటు రెండు, మొత్తం నాలుగు పిస్టన్లు. డిస్కు వ్యాసం 348 మిల్లీమీటర్లు. వెనుక చక్రం దగ్గరికి వెళ్తే అదే నీలిరంగు, అదే గుర్తు, కానీ అక్కడ ఒక్కటే పిస్టన్, కాలిపర్ జారుతూ పనిచేసే రకం. రంగు చూసి ఏమీ తేల్చలేం, పిస్టన్లు లెక్కపెట్టాల్సిందే. ఇంకాస్త లోపలికి వంగితే వెనుక డిఫరెన్షియల్ పక్కన చిన్న విద్యుత్ మోటారు కనిపించింది. లోపలి ప్లేట్లను నొక్కి లాక్ చేసేది అదే. 335ఐకి దక్కనిది పదమూడేళ్ల తర్వాత మధ్య మెట్టుకు దక్కింది. అందుకే ఎం340ఐని ‘సగం ఎం’ అని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను.

అయినా ఎం3 దగ్గరికి వచ్చేసరికి లెక్క వేరు. రెండింటివీ మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్లే, ఎం340ఐ ఇంజిన్ కోడ్ బీ58, ఎం3ది ఎస్58. కోడ్‌లో ఒక్క అక్షరమే మారింది. లోపల చాలా మారింది. బీ58లో సిలిండర్ వ్యాసం 82 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 94.6. ఎస్58లో 84, 90. పిస్టన్ ప్రయాణం తగ్గితే ఇంజిన్ ఇంకా వేగంగా తిరగగలదు, 7,200 చుట్ల వరకూ వెళ్తుంది. ఒక టర్బో స్థానంలో రెండు, మూడేసి సిలిండర్లకు ఒకటి చొప్పున. మాన్యువల్ గేర్లతో 480 హార్స్‌పవర్, కాంపిటీషన్ వేరియంట్‌లో 510. పొడవైన మలుపుల్లో నూనె ఒక పక్కకు పోయి ఇంజిన్ ఎండిపోకుండా అడుగు తొట్టెను రెండు గదులుగా చేశారు. ముందు బ్రేకు డిస్కు 380 మిల్లీమీటర్లు, కాలిపర్‌కు ఆరు పిస్టన్లు. ఒళ్లు 76 మిల్లీమీటర్లు వెడల్పయింది. ఎం340ఐ వెనుక టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు. ఎం3 ముందు టైరే 275. చిన్నకారు వెనుక టైరు కన్నా పెద్దకారు ముందు టైరు వెడల్పుగా ఉందంటే, ఆ కారును మలుపులో తిప్పడానికి ఎంత పట్టు కావాలనుకున్నారో ఊహించవచ్చు.

ఈ పేచీ ఒక్క బీఎండబ్ల్యూదే కాదు. 1967లో ఇద్దరు ఇంజినీర్లు మొదలుపెట్టిన ఏఎంజీ, మెర్సిడెస్‌లో కలిశాక సీ-క్లాస్ కార్లలో ఏఎంజీ లైన్, 43, 63 అనే మూడు మెట్లుగా మారింది. అసలైన ఏఎంజీ ఇంజిన్ మీద దాన్ని కూర్చిన మనిషి సంతకం ఉంటుంది. పాత సీ43లోని వీ6 ఇంజిన్ మీద అది ఉండేది కాదు. ఇప్పటి నాలుగు సిలిండర్ల సీ43 మీద ఉంది. ఆడిలోనూ ఎస్ లైన్, ఎస్4, ఆర్ఎస్4 అంటూ అదే మెట్ల వరుస ఉండేది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. ఆ వేగంలో ఆరు పిస్టన్ల బ్రేకుకు పని పడదు. వరుసగా ఇరవై నిమిషాలు గట్టిగా బ్రేకు నొక్కే చోటు మనకు దగ్గరలో కావాలంటే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, లేదంటే కోయంబత్తూరు. అక్కడికి ఏడాదికి ఒక్కసారైనా వెళ్లనివారికి మధ్య మెట్టు చాలు. ఊళ్లో తిరగడానికి, విజయవాడ వెళ్లి రావడానికి అయితే కింది మెట్టూ చాలు.

బావగారు ఇదంతా ఓపిగ్గా విన్నారు. రెండు నెలల తర్వాత ఇంకో కారు ఫొటో పంపారు. ఈసారి డిక్కీ ఫొటో కాదు, ముందు అద్దం కింద కనిపించే చాసిస్ నంబరుది. ఆ నంబరుతో కారు ఫ్యాక్టరీ నుంచి ఏ సామగ్రితో బయటికి వచ్చిందో జాబితా తీయవచ్చు. తీసి చూశాం. మోడల్ 330ఐ అని ఉంది. కింద వరుసలో 337 అనే కోడ్ ఉంది, అంటే ఎం స్పోర్ట్ ప్యాకేజీ. అమ్మేవాడు చెప్పిందీ అదే. మరుసటి ఆదివారం ఇద్దరం వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని ముందు బ్రేకు పిస్టన్లు లెక్కపెట్టాం.