మబ్బు నీడలో చూడవలసినది

సోలార్ పార్కు చూడటానికి వచ్చిన బృందంలో ఎవరో ఒకరు, "ఎండ మండిపోతోంది, ఈ రోజు కరెంటు బాగా వస్తుంది" అనడం మామూలే. మహిళా బృందమైనా, రైతు సంఘమైనా, యువకుల గుంపైనా సందర్శనను ఆ మాట దగ్గరే మొదలుపెట్టడం మంచిదని నా నమ్మకం. ప్యానెల్‌కు కావలసింది వెలుగు. వేడి దానికి గిట్టదు.

ప్యానెల్‌లోని చిన్న పలకలను సెళ్లు అంటారు, వాటిని సిలికాన్‌తో చేస్తారు. సిలికాన్ మీద పడిన కాంతి అందులోని ఎలక్ట్రాన్లను కట్టు విడిపిస్తుంది. రెండు రకాల సిలికాన్ పొరలు కలిసే చోట ఉండే విద్యుత్ బలం వాటిని ఒకే దిక్కుకు తోస్తుంది. అదే కరెంటు. ఇందులో మండేదీ మరిగేదీ ఏమీ లేదు. వెలుగు సోకితే కరెంటు పుట్టడాన్ని ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్మండ్ బెకరెల్ 1839లోనే గమనించాడు. పనికొచ్చే సిలికాన్ సెల్ అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారయ్యేసరికి 1954 వచ్చింది. అది తనపై పడిన కాంతిలో సుమారు 6 శాతాన్నే కరెంటుగా మార్చింది. ఇప్పుడు మార్కెట్లో దొరికే మంచి ప్యానెళ్లు 20 శాతం దాటాయి.

ఇక వేడి సంగతి. ప్యానెల్ వెనక అంటించిన కాగితం మీది వాట్లు, సెల్ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం ప్యానెల్ 60 డిగ్రీలకు చేరిందంటే పదో వంతుకు పైగా పోయినట్టే. వెలుగు అంతే ఉండి చల్లగాలి వీచే రోజే దానికి మంచి రోజు.

ప్యానెళ్లు ఎందుకు వరుసలుగా ఉంటాయో కూడా అడగాలి. ఒక్కో సెల్ ఇచ్చేది దాదాపు అర వోల్టే. పదుల సెళ్లు కలిస్తే ఒక ప్యానెల్, పదుల ప్యానెళ్లు కలిస్తే ఒక వరుస. అక్కడికి వోల్టేజి వెయ్యి దాటవచ్చు. స్విచ్ ఆపినా, వెలుగు పడుతున్నంతసేపూ ప్యానెల్ తీగల్లో వోల్టేజి ఉంటూనే ఉంటుంది. అందుకే తీగలను ముట్టుకోవద్దని సిబ్బంది గట్టిగా చెబుతారు. పిల్లలు వెంట ఉంటే ఈ మాట రెండుసార్లు చెప్పించాలి. ఇలా గొలుసుకట్టుగా కలపడంతో ఒక చిక్కు కూడా ఉంది: ఒక్క సెల్ మీద నీడ పడినా దాని గొలుసులో ఉన్నవన్నీ నీరసిస్తాయి, నీటి గొట్టాన్ని ఒకచోట నొక్కితే ధార మొత్తం సన్నబడినట్టు. ఆ సెళ్లను తప్పించి కరెంటును పక్కదారి పట్టించే డయోడ్లను అందుకే అమరుస్తారు. చిన్న ప్యానెల్‌కు బుల్లి ఫ్యాను తగిలించి, ప్యానెల్‌పై అరచెయ్యి అడ్డం పెట్టి చూపిస్తే ఇది క్షణంలో అర్థమవుతుంది.

ప్యానెల్ ఇచ్చే ఒకే దిక్కు కరెంటును (డీసీ) ఇళ్లలో వాడే, దిక్కు మారే కరెంటుగా (ఏసీ) మార్చే ఇన్వర్టర్, వోల్టేజిని పెంచి గ్రిడ్‌కు, అంటే ఊళ్లకు కరెంటు చేర్చే తీగల వలకు, పంపే ట్రాన్స్‌ఫార్మర్, ఇవి చూడటానికి పెట్టెలే. వాటి దగ్గర కంటే కంట్రోల్ గదిలోని తెర ముందు ఎక్కువసేపు నిలబడమంటాను. "ఇది 10 మెగావాట్ల పార్కు" అన్నారంటే, అది మంచి వెలుగులో ఇవ్వగలిగిన శక్తి రేటు మాత్రమే. 24 గంటలూ అలాగే పనిచేస్తే రోజుకు 2,40,000 యూనిట్లు రావాలి. రాత్రులు, మబ్బులు, వాలు ఎండలు అన్నీ పోగా, ఏడాది సగటున దక్కేది ప్రాంతాన్ని బట్టి అందులో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా. ఈ లెక్క దాచవలసింది కాదు. ఇది తెలిసినవాళ్లే తమ ఊరికి ఎంత పార్కు కావాలో సరిగా అడగగలరు.

అదృష్టం బాగుండి మబ్బు అడ్డం వస్తే అందరినీ తెర దగ్గరికి పిలవాలి. ఉత్పత్తిని చూపే గీత గబుక్కున కిందికి జారుతుంది. కొన్నిసార్లు మబ్బు అంచు వెలుగును ఇటు చిమ్మి, గీతను మామూలు కంటే పైకి కూడా లేపుతుంది. గ్రిడ్‌లో పుట్టేదీ వాడేదీ ప్రతి క్షణమూ సరిపోలాలి కనుక, ఆ లోటును బ్యాటరీయో, జలవిద్యుత్ కేంద్రమో, ఎండగా ఉన్న మరో చోటి పార్కో వెంటనే పూడ్చాలి.

వీలుంటే ఆ బృందం సాయంత్రం దాకా ఆగాలి. తెరపై గీత మెల్లగా సున్నాకు దిగుతుండగానే, దూరాన ఇళ్లలో దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతుంటాయి.