హైకూకు సాఫ్ట్‌వేర్ పోర్టింగ్: కాన్ఫిగర్ స్క్రిప్టుల మీద అపోహలు, వాస్తవాలు

బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసిన సంస్థ 2001లో తన ఆస్తులను పామ్ కంపెనీకి అమ్ముకున్నాక, ఆ వ్యవస్థను ఓపెన్ సోర్సుగా మళ్లీ నిర్మించాలని ఔత్సాహికులు తలపెట్టిన పనే నేటి హైకూ ఆపరేటింగ్ సిస్టమ్. లినక్స్‌ను మనసులో పెట్టుకుని రాసిన సాఫ్ట్‌వేర్‌ను దానిమీద నడిచేలా బిల్డ్ చేసే క్రమంలో, అంటే పోర్టింగ్‌లో, నేను తరచుగా వినే మాటలనూ, వాటిలోని నిజానిజాలనూ ఇక్కడ రాస్తున్నాను. బిల్డ్‌కు ముందు వ్యవస్థలో ఏమేం ఉన్నాయో పరీక్షించి చూసే స్క్రిప్టే కాన్ఫిగర్; దాన్ని ఆటోకాన్ఫ్ అనే సాధనం తయారుచేస్తుంది.

అపోహ: పోర్టింగ్ అంటే సి కోడ్‌ను తిరగరాయడమే.

వాస్తవం: యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణాన్ని హైకూ చాలావరకు పాటిస్తుంది కనుక, చాలా ప్యాకేజీల్లో బండి ఆగేది కోడ్ దగ్గర కాదు, కాన్ఫిగర్ తొలి వరుసల్లోనే. 32 బిట్ హైకూలో యంత్రం పేరేమిటని యూనేమ్ ఆదేశాన్ని అడిగితే ‘బీపీసీ’ అని చెబుతుంది. యంత్రం రకాన్ని ఊహించేందుకు సోర్సుతో వచ్చిన కాన్ఫిగ్.గెస్ స్క్రిప్టు మరీ పాత ప్రతి అయితే దానికి ఆ పేరు తెలియదు. బిల్డ్ రకాన్ని ఊహించలేనని చేతులెత్తేస్తుంది. గ్నూ వారి రిపాజిటరీ నుంచి కొత్త కాన్ఫిగ్.గెస్, కాన్ఫిగ్.సబ్ తెచ్చి పాతవాటి స్థానంలో పెడితే సరిపోతుంది.

అపోహ: గణిత లైబ్రరీ, థ్రెడ్ల లైబ్రరీ ఏ యూనిక్స్ తరహా వ్యవస్థలోనైనా విడివిడిగా ఉంటాయి.

వాస్తవం: హైకూలో ఆ రెండూ లిబ్‌రూట్ అనే మూల లైబ్రరీలోనే ఉన్నాయి. అందువల్ల గణిత లైబ్రరీని జోడించమంటూ ‘-ఎల్ఎమ్’ అని రాసిన ప్రతిచోటా, కోడ్‌ను లైబ్రరీలతో కలిపే లింకర్ ఆ పేరుతో లైబ్రరీ కనబడలేదంటుంది. వర్గమూలం లెక్కించే ఫంక్షన్ చేతికందే దూరంలోనే ఉన్నా, ‘ఎమ్’ లైబ్రరీ కోసమే పట్టుబట్టే ఏసీ_చెక్_లిబ్ అనే ఆటోకాన్ఫ్ పరీక్ష మాత్రం అది లేదని తేలుస్తుంది. దాని బదులు ఏసీ_సెర్చ్_లిబ్స్ వాడాలి. అది ముందుగా ఏ లైబ్రరీనీ జోడించకుండా లింక్ చేసి చూసి, కుదరకపోతేనే మనమిచ్చిన జాబితాలోకి వెళ్తుంది. సాకెట్ల సంగతి దీనికి తలకిందులు: లినక్స్‌లో అవి సి లైబ్రరీలో భాగం, హైకూలో లిబ్‌నెట్‌వర్క్‌ను విడిగా జోడించాలి.

అపోహ: కాన్ఫిగర్ ఏ లోపమూ చూపకుండా ముగిస్తే అంతా సవ్యంగా ఉన్నట్లే.

వాస్తవం: నన్నడిగితే, మధ్యలో ఆగిపోయే కాన్ఫిగర్ కన్నా తప్పు జవాబు రాసుకుని నిమ్మళంగా ముగిసేదే ఎక్కువ ప్రమాదకరం. ఒకసారి ఒక చిన్న డౌన్‌లోడ్ ప్రోగ్రామును బిల్డ్ చేశాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు, కానీ ఏ చిరునామా ఇచ్చినా నెట్‌వర్క్ సదుపాయం లేదని బదులిచ్చేది. పూటంతా సోర్సు తిరగేశాక, కాన్ఫిగర్ పరీక్షల వివరాలుండే, మొదటే తెరవాల్సిన కాన్ఫిగ్.లాగ్ ఫైలును చివరికి తెరిచాను. సాకెట్ ఫంక్షన్ ఉందో లేదో చూడటానికి ఆటోకాన్ఫ్ రాసుకున్న బుల్లి ప్రోగ్రాము, దాన్ని కంపైల్ చేసిన ఆదేశం, ‘సాకెట్’ అనే పేరుకు నిర్వచనం దొరకలేదన్న లింకర్ ఫిర్యాదు, ఆ కిందే ‘నో’ అన్న తీర్పు వరుసగా కనిపించాయి. పరీక్ష విఫలమైతే కారణమేదైనా సరే, ఆటోకాన్ఫ్ దృష్టిలో ఆ ఫంక్షన్ లేనట్టే. లిబ్‌నెట్‌వర్క్ లేక లింక్ కాలేదన్న సంగతి దానికి పట్టదు.

ఇటీవల దీనికి మరో చిక్కు తోడైంది. 2024లో వచ్చిన జీసీసీ కంపైలర్ 14వ వెర్షన్, డిక్లరేషన్ (ముందస్తు ప్రకటన) లేని ఫంక్షన్‌ను పిలవడాన్ని హెచ్చరికతో వదలక ఎర్రర్‌గా పరిగణిస్తోంది. హెడర్ చేర్చకుండా ఎగ్జిట్‌ను పిలిచే పాతకాలపు పరీక్షలన్నీ ఇప్పుడు విఫలమై, ఉన్న సదుపాయాలను సైతం లేవని నమోదు చేస్తున్నాయి.

అపోహ: లినక్స్ అని ఉన్న ప్రతిచోటా హైకూ పేరు చేరిస్తే పని పూర్తవుతుంది.

వాస్తవం: ఆ పూటకు పూర్తవుతుంది. వ్యవస్థ పేరును బట్టి కాక, దానికి ఏం చేతనవునో చూసి నిర్ణయించే పరీక్ష రాస్తే, రేపు వేరే వ్యవస్థకు పోర్ట్ చేసేవారికీ పనికొస్తుంది, మూల ప్రాజెక్టు వారూ ఆ ప్యాచ్‌ను సులువుగా స్వీకరిస్తారు. షేర్డ్ లైబ్రరీలను తయారుచేసే లిబ్‌టూల్‌లో మాత్రం పేరు తప్పదు. షేర్డ్ లైబ్రరీలను వెతికే దారికి లినక్స్ వాడే వేరియబుల్ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అయితే హైకూది లైబ్రరీ_పాత్, ఈ తేడాను పరీక్షతో కనిపెట్టడం కష్టం.

అపోహ: ఆటోకాన్ఫ్ బదులు సీమేక్ అనే బిల్డ్ సాధనానికి మారితే ఈ తలనొప్పులుండవు.

వాస్తవం: ‘యూనిక్స్ అయి, ఆపిల్ కాకపోతే’ అన్న షరతు రాసి దాన్ని లినక్స్‌గా భావించే ఫైళ్లు సీమేక్ లోకంలో కొల్లలు. హైకూ కూడా ఆ షరతులో ఇమిడిపోతుంది.

అపోహ: ఎర్రర్ కోడ్‌లు ధన సంఖ్యలని వేరే పరీక్షించనక్కరలేదు.

వాస్తవం: బీఓఎస్ వారసత్వంగా హైకూలో అవి రుణ సంఖ్యలు. ఫైలు లేదనే ఎర్రర్ కోడ్‌కు మైనస్ చేర్చి ‘-ఈఎన్ఓఈఎన్‌టీ’ని (హైకూలో ఇది ధన సంఖ్య అవుతుంది) తిరిగిచ్చి, విలువ సున్నా కన్నా తక్కువైతేనే వైఫల్యమనుకునే కోడ్, దొరకని ఫైలును దొరికినట్టే లెక్కేస్తుంది. అందుకే నేను కాన్ఫిగర్‌లో ఒక పరీక్ష చేరుస్తాను: ఎర్రర్ కోడ్ సున్నా కన్నా పెద్దదైతే ఒకటి, కాకపోతే మైనస్ ఒకటి పరిమాణంగా ఒక అర్రేను ప్రకటించడం. పరిమాణం మైనస్ అయితే కంపైలరే దాన్ని తిరస్కరిస్తుంది. ప్రోగ్రామును నడిపి చూడనవసరం లేదు కనుక క్రాస్ కంపైల్ చేసేటప్పుడు (ఒక వ్యవస్థ మీద మరో వ్యవస్థ కోసం బిల్డ్ చేసేటప్పుడు) కూడా ఈ పరీక్ష పనిచేస్తుంది.