నాలా పూడిక: టెండర్ మారింది, కొలత మారలేదు

మే నెల వచ్చిందంటే హైదరాబాద్‌లో నాలాల (వాననీరూ మురుగూ పారే కాలవల) పక్కన నల్లటి మట్టి కుప్పలు లేస్తాయి. ప్రొక్లెయిన్ తవ్వి గట్టున పోస్తుంది. తడి కాస్త ఆరాక లారీలో ఎత్తుకుపోవాలి. ఈలోగా ఓ గట్టి వాన పడితే కుప్ప మళ్లీ నాలాలోకే జారుతుంది. అప్పుడు ఎంత తీశారో, ఎంత తరలించారో చెప్పగలిగేది ఒక్క కాగితమే, ఇంజనీర్లు కొలతలు రాసే పుస్తకం. కాలనీవాళ్లు కార్పొరేటర్‌ను అడిగితే ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) అడగమంటాడు. ఏఈని అడిగితే బిల్లు ఇంకా పెట్టలేదంటాడు. కార్పొరేటర్ దాటేస్తున్నాడని అనుకుంటాం గానీ, చట్టప్రకారం అతని సంతకం ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు. ఎందుకు ఉండదో తెలియాలంటే బాగా వెనక్కి వెళ్లాలి.

నగరంలో పురపాలన 1869లో మొదలైంది. అంతకుముందు వీధులూ మురుగూ నగర పోలీసు అధికారి అయిన కొత్వాలు చూసేవాడు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్, మున్సిపాలిటీకీ రోడ్ల నిర్వహణకూ కలిపి ఓ శాఖ పెట్టి కమిషనర్‌ను నియమించాడు. గమనించాల్సింది ఆ నియామకమే. పని చేయించేవాడు పైనుంచి వచ్చినవాడు, వీధిలోవాళ్లు ఎన్నుకున్నవాడు కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక మరుసటి ఏడు ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆ ఆలోచనల్లోంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. రోడ్లు, ఇళ్లు, మురికివాడల పని కోసం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఆ బోర్డు చేసిన పని ఇప్పటికీ పత్తర్‌గట్టీలో కనిపిస్తుంది. అదీ నియమితుల బోర్డే. పెద్ద ఆపద వచ్చినప్పుడల్లా మున్సిపాలిటీని పక్కనపెట్టి కొత్త సంస్థను పెట్టే అలవాటు ఈ నగరానికి అక్కణ్నుంచే అంటుకుందని నాకనిపిస్తుంది. 1989లో నీళ్లూ మురుగూ చూసే జలమండలి, 2024లో చెరువులూ నాలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా అదే వరస.

చాదర్‌ఘాట్ మున్సిపాలిటీని కలిపి 1933లో హైదరాబాద్‌ను కార్పొరేషన్ చేశారు. 1942లో ఆ హోదా పోయింది, స్వాతంత్ర్యం వచ్చాక మళ్లీ దక్కింది. ఇప్పటికీ నడుస్తున్న చట్టం 1955 నాటిది. 2019లో తెలంగాణ కొత్త మున్సిపల్ చట్టం తెచ్చినా బల్దియాకు (నగరపాలక సంస్థకు) ఆధారం ఆ పాతదే. కార్పొరేషన్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్ అని మూడు అధికార కేంద్రాలను అది పెట్టింది. మంజూరు విలువను బట్టి ఫైలు ఈ మూడింటి మధ్య, అదీ దాటితే సెక్రటేరియట్‌కు తిరుగుతుంది. అమలు మొత్తం కమిషనర్‌ది, ఆయన కింద ఇంజనీరింగ్ విభాగానిది. కార్పొరేటర్ పని అడగొచ్చు, కౌన్సిల్‌లో అరవొచ్చు, శిలాఫలకం మీద పేరు చెక్కించుకోవచ్చు. పని జరిగిందో లేదో ధ్రువీకరించే అధికారం మాత్రం అతనికి లేదు.

ధ్రువీకరించే పద్ధతి తీరం వైపు నుంచి వచ్చింది. భీమునిపట్నం, మచిలీపట్నం వంటి చిన్న రేవు పట్నాలకు 1860ల నుంచే మున్సిపాలిటీలున్నాయి. అక్కడ కల్వర్టు కట్టినా, కాలవ తవ్వినా మద్రాసు పబ్లిక్ వర్క్స్ శాఖ పద్ధతే. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక మద్రాసు వారి స్పెసిఫికేషన్లే పేరు మార్చుకుని ఆంధ్రప్రదేశ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్లయ్యాయి. ఆ సంప్రదాయానికి గుండెకాయ మెజర్‌మెంట్ బుక్. ఆఫీసులో అందరూ ఎంబుక్ అంటారు. పేజీలకు వరస నంబర్లుంటాయి, చింపకూడదు, చెరపకూడదు. తప్పు పడితే కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి. ఏఈ సైటులో కొలిచి రాస్తాడు, పైనున్న డీఈ (డిప్యూటీ ఇంజనీరు) సరిచూస్తాడు, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) అందులో కొంత భాగాన్ని మళ్లీ తనిఖీ చేస్తాడు. కట్టినదేదైనా కళ్లెదుటే ఉంటుంది కాబట్టి గోడకూ రోడ్డుకూ ఈ ఏర్పాటు బాగానే సరిపోతుంది. అనుమానం వస్తే ఐదేళ్ల తర్వాతైనా సీసీ రోడ్డును తొలిచి మందం చూడొచ్చు. పూడికకు ఆ వీలు లేదు. తీసిన మట్టి ఎక్కడో డంప్‌లో కలిసిపోతుంది, తీసిన చోట ఒక్క వానాకాలంలో కొత్త మట్టి చేరుతుంది. పుస్తకంలో రాసిందే మిగులుతుంది.

సంస్కరణలు రాలేదని కాదు. వచ్చినవన్నీ టెండర్ దగ్గరే ఆగాయి. ఒకప్పుడు షెడ్యూళ్లు (టెండర్ ఫారాలు) డివిజన్ ఆఫీసులో అమ్మేవారు, సీలు వేసిన కవర్లు పెట్టెలో వేయాలి. కొత్తవాణ్ని షెడ్యూలు కొననీయకుండా గేటు దగ్గరే మనుషులు నిలబడేవారు. కాంట్రాక్టర్లంతా ముందే కూర్చుని ఈ పని నీది, ఆ పని నాది అని పంచుకుంటే దాన్ని రింగ్ అనేవారు. దీనికి విరుగుడుగా 2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ టెండర్ల పద్ధతి ఈ-ప్రొక్యూర్‌మెంట్ తెచ్చింది. అప్పటిదాకా 90 నుంచి 135 రోజులు పట్టే టెండర్ వ్యవహారం రెండేళ్లలో 35 రోజులకు దిగింది. గేటు దగ్గర కాపలాకు పనిలేకుండా పోయింది. ఇది నిజమైన మార్పు, తీసిపారేయకూడదు.

అదే ఏడాది జులైలో నీటిపారుదల శాఖ ఇచ్చిన 94వ నంబరు జీవో ఇంజనీరింగ్ శాఖలన్నిటి టెండర్లకూ మూసలాంటిదైంది. టెండర్‌తో పాటు 1 శాతం ఈఎండీ (ధరావతు), ఒప్పందం నాడు ఇంకో 1.5 శాతం, బిల్లుల్లోంచి 7.5 శాతం పట్టి ఉంచడం. అంచనా మీద 5 శాతానికి మించి ఎక్సెస్ ఒప్పుకోరు. అంచనాకన్నా 25 శాతానికి మించి తక్కువకు, అంటే లెస్‌కు, వేస్తే, ఆ పై తేడాను అదనపు డిపాజిట్‌గా కట్టాలి. మరీ తక్కువకు వేసి పని ముంచేవాళ్లను ఆపడం దీని ఉద్దేశం. ఆచరణలో పోటీ పెరిగే కొద్దీ లెస్ పెరిగింది, డిపాజిట్ కట్టైనా పని పట్టుకునేవారు పుట్టుకొచ్చారు. అంచనాకు 30 శాతం తక్కువకు ఒప్పుకున్నవాడు ఆ 30 శాతాన్ని ఎక్కడ పూడ్చుకుంటాడు? రోడ్డయితే సిమెంటులో, పూడికయితే ట్రిప్పుల లెక్కలో. టెండర్ ఆన్‌లైన్‌లో తెరిచేంతవరకూ అంతా గాజు గదిలో జరుగుతుంది. ఆ తర్వాత పుస్తకం ఏఈ బల్ల సొరుగులోకి వెళ్తుంది.

ఈ ట్రిప్పుల లెక్క 2017లో రచ్చకెక్కింది. పూడికతీత బిల్లుల వ్యవహారంలో బల్దియా ఇంజనీర్లను, కాంట్రాక్టర్లను నగర పోలీసులు అరెస్టు చేశారు. మట్టి మోసినట్టు చూపిన వాహనాల నంబర్లను వెతికితే వాటిలో బైకులవీ ఆటోలవీ కూడా తేలాయన్నది ఆరోపణ. రవాణా శాఖ రికార్డుతో ఐదు నిమిషాలు సరిచూస్తే దొరికే సంగతి ఇది. బిల్లు పాసయ్యే దారిలో ఆ ఐదు నిమిషాలు ఎవరి బాధ్యతా కాకపోవడమే అసలు విషయం. ఆ తర్వాత పనికి ముందూ వెనకా ఫోటోలు, బయటి సంస్థల తనిఖీ అంటూ కొన్ని కట్టుదిట్టాలు వచ్చాయి. ఫోటో లోతును కొలవదు.

మరి ఎన్నికైనవాళ్లు అప్పుడెక్కడున్నారు? చాలాకాలం లేనేలేరు. 1986లో గెలిచిన కౌన్సిల్ గడువు ముగిశాక 2002 దాకా హైదరాబాద్‌కు ఎన్నికలు జరగలేదు. నగరపాలికలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చిన నాడు ఇక్కడున్నది ప్రభుత్వం నియమించిన స్పెషలాఫీసర్. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ) అయ్యాక కూడా కౌన్సిల్ కోసం 2009 వరకు ఆగాల్సివచ్చింది. 3 లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెబుతోంది. అవి పేరుకు ఏర్పడ్డాయి. ఒక వార్డు కమిటీ కూర్చుని తన నాలా ఎంబుక్ తెప్పించి చదివిందన్న వార్త మాత్రం నా కంటపడలేదు.

వరదల సంగతి వేరు. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డాక నాలాలను వెడల్పు చేయాలని కిర్లోస్కర్ సంస్థ 2003లో నివేదిక ఇచ్చింది. అది బీరువాలో ఉండగానే 2020 అక్టోబరు వరద వచ్చింది. దాని తర్వాత ఎస్ఎన్‌డీపీ (నాలాల అభివృద్ధి కార్యక్రమం) పేరుతో మొదటి విడతకు 985 కోట్ల అంచనా వేశారు. అంతకు కొంచెం ముందే 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్ల నిర్వహణ కోసం 1,839 కోట్లకు ప్యాకేజీలుగా పెద్ద కంపెనీలకు అప్పగించారు. గుంత పడితే పూడ్చాల్సింది కంపెనీయే కాబట్టి, ప్రతి గుంతకీ ఓ బిల్లు పుట్టే బెడద తగ్గింది. చిన్న కాంట్రాక్టర్లకు మిగిలినవి కాలనీ రోడ్లూ పూడికలే.

వాళ్ల పక్షానా చెప్పాలి. బిల్లులు నెలల తరబడి రావు. జీతాలు, కరెంటు, ఫ్లైఓవర్ల కోసం తెచ్చిన అప్పుల వడ్డీ పోయాక మిగిలినదే వాళ్లకు. 2018 ఫిబ్రవరిలో జీహెచ్ఎంసీ 200 కోట్ల బాండ్లను 8.9 శాతం వడ్డీకి అమ్మింది. కాంట్రాక్టరు బయట తెచ్చే అప్పు ఆ రేటుకు దొరకదు. ఎప్పుడొస్తుందో తెలియని డబ్బు కోసం పని చేసేవాడు ఆ వడ్డీని ముందే లెక్కలో కలుపుకుంటాడు, లేదా బిల్లు కదిలించేవాడికి కొంత పంచుతాడు. బకాయిలు తీర్చేదాకా పని ఆపేస్తామని వాళ్లు ధర్నాకు దిగిన సందర్భాలూ ఉన్నాయి.

2005 సమాచార హక్కు చట్టం జరిగే పనిని వెళ్లి చూడటానికి, రికార్డు పరిశీలించి నోట్సు రాసుకోవడానికి, వాడిన సామగ్రి నమూనా తీసుకోవడానికి కూడా పౌరుడికి హక్కిచ్చింది. నగరంలో నాలాల పొడవు సుమారు 1,300 కిలోమీటర్లు. మీ వీధి వెనకున్న ముక్కకు ఎంబుక్ పేజీలు, మట్టి మోసిన వాహనాల నంబర్లు, డంపింగ్ యార్డు రసీదులు అడగాలనుకుంటే దరఖాస్తు ఏప్రిల్‌లోనే పడాలి. జవాబుకు 30 రోజుల గడువుంది. జూన్‌లో అడిగితే పుస్తకమైతే చూపిస్తారు గానీ, దానితో సరిపోల్చుకోవడానికి నాలాలో ఏమీ ఉండదు.